చింతపండుతో తోమిన పెన్నీలు

2007 ఫిబ్రవరిలో ఒక ఆదివారం మధ్యాహ్నం, డబ్లిన్ ఫిబ్స్‌బరోలో ఒక పాత ఎర్ర ఇటుకల ఇంటి వంటింట్లో నిలబడి, నూట అరవై పైచిలుకు నాణేలని చింతపండు పెట్టి తోమాను. మోర్ స్ట్రీట్‌లో ఏషియన్ షాపు నుంచి పప్పుచారుకని తెచ్చుకున్న చింతపండు. గుప్పెడు తీసి గోరువెచ్చటి నీళ్ళలో నానేసి, ఆ పిప్పితోనే ఒక్కో బిళ్ళనీ బొటనవేలితో రుద్దాను. బందర్లో మా అమ్మమ్మ శుక్రవారం శుక్రవారం పూజ చెంబు ఎలా తోమేదో అచ్చం అలాగే. నల్లటి బిళ్ళ చేతిలో ఎర్రబడి, ఆ తర్వాత లేత గులాబీ రంగుకి తిరిగేది. కడిగి, తువ్వాలు మీద వరసగా పరిచాను. ఫోటో కూడా తీసుకున్నాను. ఆ ఫోటో ఇంకా ఉంది, చూసినప్పుడల్లా కడుపు తరుక్కుపోతుంది.

అంతకు ముందు సెప్టెంబర్లో ఎమ్మెస్ చదువుకని వెళ్ళాను. ఆ ఇంట్లో పైగది అద్దెకి దొరికింది. ఇంటావిడకి డెబ్భై నాలుగేళ్ళు, ఒంటరి మనిషి. నన్ను ‘పెట్’ అని పిలిచేది. కుక్కపిల్లని పిలిచినట్టు ఇదేం పిలుపురా అని మొదట్లో కాస్త చిన్నబుచ్చుకున్నాను. అక్కడి పెద్దవాళ్ళు ముద్దుగా అలాగే పిలుస్తారని తర్వాత తెలిసింది. నేను ఆవిడని ఆంటీ అనేవాణ్ణి. ఆవిడకీ అది కొత్తే. ఫోన్లో స్నేహితురాళ్ళతో “మా ఇంట్లో ఉండే కుర్రాడికి నేను ఆంటీని” అని చెప్పుకుని నవ్వుకునేది.

మెట్ల కింద గూట్లో వ్యాక్యూమ్ క్లీనర్ కోసం వెతుకుతుంటే బిస్కెట్ల రేకు డబ్బా ఒకటి కాలికి తగిలింది. ఎత్తితే బాగా బరువుంది. మూత తీస్తే లోపల నిండా నల్లటి బిళ్ళలు. “ఓ, గ్యాస్ పెన్నీలా!” అంది ఆవిడ. వాళ్ళ చిన్నప్పుడు ఇంట్లో గ్యాస్ మీటరుకి ఒక కంత ఉండేదట. అందులో పెన్నీ వేసి తిప్పితే పెన్నీకి తగ్గ గ్యాస్ వచ్చేది. టీ సగం కాగాక మంట చచ్చిపోతే మళ్ళీ పెన్నీ వెతుక్కోవాలి. అందుకని వాళ్ళమ్మ ఎక్కడ పెన్నీ దొరికినా ఆ డబ్బాలో వేసేదట.

రెండో ప్రపంచ యుద్ధమప్పుడు ఐర్లండ్ తటస్థంగా ఉన్నా బొగ్గు రాక గ్యాసుకి రేషన్ పెట్టారు. రోజులో కొన్ని గంటలే వంట. మిగతా వేళల్లో పైపులో మిగిలిన కొసరు గ్యాసుని ‘గ్లిమ్మర్’ అనేవాళ్ళు. దాని మీద దొంగచాటుగా కెటిల్ పెట్టుకున్నారేమోనని ఇనస్పెక్టరు ఇల్లిల్లూ తిరిగి, బర్నర్ మీద చెయ్యి పెట్టి వేడి చూసేవాడు. గ్లిమ్మర్ మ్యాన్ అంటే ఆ తరం డబ్లిన్ పిల్లలకి బూచాడే. వీధి చివర ఆయన సైకిలు కనబడగానే వాళ్ళమ్మ తడిగుడ్డ తెచ్చి బర్నర్ మీద వేసేదని ఆంటీ అభినయించి మరీ చూపించింది.

“ఇప్పుడివి ఎవరికీ అక్కర్లేదు. కావాలంటే నువ్వు తీసుకో, పెట్” అంది.

పైగదికి మోసుకెళ్ళి మంచం మీద కుమ్మరించాను. అందులో సగం పైన బ్రిటిష్ పెన్నీలే, రాజులూ రాణులూ. ఐరిష్ పెన్నీ, ఇంగ్లీషు పెన్నీ సైజులోనూ బరువులోనూ ఒక్కటే కాబట్టి రెండూ ఒకే జేబులో తిరిగేవి. ఐరిష్‌వి మాత్రం చూడగానే నచ్చేశాయి. ఒకవైపు హార్ప్ వాయిద్యం. రెండోవైపు కోడిపెట్ట, దాని కాళ్ళ దగ్గర ఐదు పిల్లలు. ఏ దేశమైనా డబ్బు మీద సింహాన్నో డేగనో వేసుకుంటుంది గానీ, కోడిపెట్టని వేసుకోవడం నేనెక్కడా చూడలేదు. బరువు తొమ్మిదిన్నర గ్రాములు, అడ్డంగా 31 మిల్లీమీటర్లు. అరచేతిలో పెట్టుకుంటే చెయ్యి నిండినట్టుంటుంది. అసలు సంగతి, అది పూర్తి రాగి కూడా కాదు, కంచు, 95.5 శాతం రాగి, మిగిలింది తగరం, జింకు. అయినా అక్కడ అందరూ వాటిని ‘కాపర్స్’ అనే అంటారు, నేనూ అలాగే అంటాను.

ఈ బొమ్మల వెనక కథ నాకు చాలా ఇష్టం. 1922లో స్వతంత్రం వచ్చాక కొత్త నాణేల కోసం ఒక కమిటీ వేశారు. దాని అధ్యక్షుడు కవి విలియం బట్లర్ యేట్స్. అప్పటికే నోబెల్ వచ్చినాయన, సెనేటర్ కూడా. దేశం పల్లెల మీద బతుకుతోంది కాబట్టి నాణేల మీద పల్లె జంతువులే ఉండాలన్నారు. అరపెన్నీ మీద పిల్లలతో ఆడపంది, పెన్నీ మీద కోడి, షిల్లింగు మీద ఎద్దు, ఫ్లోరిన్ మీద సాల్మన్ చేప, అర్ధ క్రౌన్ మీద గుర్రం. పోటీలో గెలిచినవాడు పెర్సీ మెట్‌కాఫ్ అనే ఇంగ్లీషువాడు. ఆయన గీసిన బొమ్మలని వ్యవసాయ శాఖ నిపుణులు పరీక్షకి కూర్చున్నారు: ఈ ఎద్దు మంచి జాతి ఎద్దులా లేదు, ఈ పంది బుగ్గలు మరీ గుండ్రంగా ఉన్నాయి, సంతలో ఇలాంటి పందికి ధర రాదు, మార్చండి! మార్చారు. పాత పంది గుండ్రటి బుగ్గలతో పాటు దాని తలెత్తిన పొగరు కూడా పోయిందని యేట్స్ తర్వాత వాపోయాడు. మన గేదెల సంతలో దళారీ పళ్ళు పట్టి చూసినట్టు నాణెం మీద పందిని బేరమాడారన్నమాట. 1928 డిసెంబరులో అవి జనం చేతికి వచ్చాయి.

మళ్ళీ నా డబ్బా దగ్గరికొస్తాను. మా క్లాసులో వరంగల్ కుర్రాడు ఒకడు ఉండేవాడు. “అన్నా, పాత నాణేలంటే మామూలు ముచ్చట కాదు, కోట్లు పలుకుతయ్” అని నా చెవిలో ఊదాడు. ట్రాక్టర్ బొమ్మ ఉన్న ఐదు రూపాయల నోటుకి లక్షలిస్తామని ఇప్పుడు ఫోన్లలో తిరుగుతున్న మోసాలు అప్పటికింకా ఇంతగా లేవు గానీ, ఆశ మాత్రం ఇదే. కాలేజీ లైబ్రరీలో ఐరిష్ నాణేల కేటలాగ్ దొరికింది. కోడిపెన్నీలు 1928 నుంచి 1968 దాకా కేవలం 21 సంవత్సరాల తేదీలతోనే వచ్చాయి. 1938 తేదీతో ఉన్నవి లోకంలో రెండంటే రెండే తెలుసు కాబట్టి దాన్ని లెక్కలోకి తీసుకోరు. మిగిలిన వాటిలో అందరూ వెతికేది 1940. ఆ ఏడాది కొట్టినవి 3,12,000 మాత్రమే. మొదటేడు 1928లో 90 లక్షలు కొట్టారు.

డబ్బాలో 1940 ఉంది. ఒక్కటే. నిద్రపట్టలేదు.

అమ్ముకోవాలంటే శుభ్రంగా ఉండాలి కదా. పెళ్ళిచూపులకి పిల్లని ముస్తాబు చేసినట్టే అనుకున్నాను. తర్వాత వచ్చిందే ఆ ఆదివారం.

వారం తిరక్కుండా ఊళ్ళో ఒక హోటల్ హాల్లో కాయిన్ ఫెయిర్ జరిగింది. వరసగా బల్లలు, వాటి మీద ఆల్బమ్‌లు, వాటి వెనక కళ్ళద్దాల పెద్దమనుషులు. ఒకాయన బల్ల ముందు నిలబడి, టిష్యూలో చుట్టిన 1940ని విప్పి పెట్టాను. ఆయన దాన్ని అంచులు మాత్రమే ముట్టుకుంటూ రెండు వేళ్ళతో ఎత్తాడు. నేనైతే అప్పటిదాకా వడియం పట్టుకున్నట్టు పట్టుకునేవాణ్ణి. భూతద్దం కంటికి పెట్టుకుని అటు తిప్పాడు, ఇటు తిప్పాడు. భూతద్దం దించి, “దేంతో కడిగారు?” అన్నాడు.

చింతపండుని ఇంగ్లీషులో ఏమంటారో ఆ టెన్షన్‌లో గుర్తు రాలేదు. “పుల్లటి పండు” అన్నాను.

ఆయన తిట్టలేదు. తిట్టినా బావుండేది. పక్క ఆల్బమ్ తీసి ఇంకో 1940 చూపించాడు. నా దానికన్నా బాగా అరిగింది, కోడి ఈకలు చెరిగిపోయాయి, కానీ ఒళ్ళంతా ఒకే రంగు, బాగా కాచిన బెల్లం పాకం రంగు. “దీనికి ఇరవై యూరోలు అడుగుతాను. మీది కడగకుండా తెచ్చుంటే ఇంతకన్నా ఎక్కువే ఇచ్చేవాణ్ణి, మీ కోడి ఈకలు ఇంకా లెక్కపెట్టొచ్చు. ఇప్పుడు రెండు యూరోలు” అన్నాడు. జనం చేతికి వెళ్ళకుండా, టంకశాల నుంచి వచ్చిన ఎరుపు అలాగే ఉన్న 1940 దొరికితే వందల్లో పలుకుతుందని కూడా చెప్పాడు, పుండు మీద కారం చల్లినట్టు.

“ఎరుపే కదా, నాదీ ఎర్రగానే ఉంది” అన్నాను అమాయకంగా.

ఆయన టంకశాల ఎరుపున్న వేరే బిళ్ళ ఒకటి తీసి, నాదాని పక్కన పెట్టి దీపం వంచి చూపించాడు. టంకశాల ఎరుపు మీద వెలుతురు బండి చక్రం ఆకుల్లా గిరగిరా తిరుగుతుంది. అచ్చు పడేటప్పుడు లోహం పారిన గీతలవల్ల వచ్చే మెరుపది. నా దాని మీద వెలుతురు ఎక్కడ పడితే అక్కడే ఆగిపోయింది. పుల్లదనంలో ఉండే ఆమ్లం మురికినే కాదు, ఆ పై పొరనీ తినేస్తుంది. బొటనవేలి రాపిడికి సన్నటి గీతలు కూడా పడ్డాయి. రాగి నల్లబడటం మనకి మురికి. వాళ్ళకి అది నాణేనికి వయసుతో వచ్చిన చర్మం. కిలుం పట్టడం వేరు, అది పచ్చగా పొడిగా ఉండి లోహాన్ని కొరుకుతుంది, దాన్ని జాగ్రత్తగా తియ్యాల్సిందే. ఈ గోధుమ రంగు జోలికి మాత్రం వెళ్ళకూడదు. మా అమ్మమ్మ వింటే ఒప్పుకునేది కాదు. తోమని రాగి చెంబు గుమ్మంలో కనబడితే ఆవిడకి ఆ రోజంతా మనసు బాగుండేది కాదు.

రెండు యూరోలకి అమ్మలేదు. కానీ ఆ బల్ల దగ్గర్నుంచి కదల్లేకపోయాను కూడా. ఆయన దగ్గర పాత ఐరిష్ రాగి నాణేల పెట్టె ఒకటుంది, కోడిపెన్నీల కన్నా రెండు మూడొందల ఏళ్ళు వెనకటిది. ఆ రోజు ఆయన చెప్పిన కథలతోనే నాకు ఈ పిచ్చి పట్టుకుంది.

మొదట చూపించింది ‘గన్ మనీ’. 1689లో గద్దె దిగిపోయిన రెండో జేమ్స్ రాజు ఐర్లండ్ వచ్చి యుద్ధం మొదలెట్టాడు. జీతాలివ్వడానికి వెండి లేదు. పాత ఫిరంగులు, గంటలు, వంటపాత్రలు కరిగించి ఇత్తడి షిల్లింగులు కొట్టించాడు, గెలిచాక వెండితో మారుస్తానని మాట ఇచ్చి. నెలల వారీగా మార్చడానికి వీలుగా వాటి మీద సంవత్సరంతో పాటు నెల పేరు కూడా వేయించాడు. ఇంకో తమాషా ఉంది. అప్పట్లో వాళ్ళకి కొత్త సంవత్సరం మార్చి 25న వచ్చేది. అందుకని ఒకే మార్చి నెలలో కొట్టిన బిళ్ళల మీద కొన్నింటికి 1689, కొన్నింటికి 1690 ఉంటుంది! రాజు బాయిన్ యుద్ధంలో ఓడి పారిపోయాడు. వెండి రాలేదు. షిల్లింగు అన్నది ఇత్తడి ముక్క ధరకి పడిపోయింది. మామూలు నెలలవి ఇప్పటికీ కొన్ని పదుల యూరోలకే దొరుకుతాయి. నేను మొట్టమొదట డబ్బిచ్చి కొన్న నాణెం అదే. రెస్టారెంట్లో గిన్నెలు కడిగిన ఒక శనివారం కూలి.

రెండోది వుడ్ అరపెన్నీ. 1722లో విలియం వుడ్ అనే ఇనుప వ్యాపారికి ఐర్లండ్ కోసం రాగి నాణేలు కొట్టే హక్కు దక్కింది. ఎలా? మొదటి జార్జి రాజు ప్రియురాలికి 10,000 పౌన్లు ముట్టజెప్పి. 360 టన్నుల రాగి. ఐరిష్ పార్లమెంటుని ఎవరూ అడగలేదు. అప్పుడు సెయింట్ ప్యాట్రిక్ చర్చి డీన్ జొనాథన్ స్విఫ్ట్, బట్టల కొట్టువాడి పేరు పెట్టుకుని కరపత్రాలు రాశాడు. ఏడాదికి పదహారు వేల పౌన్ల రాబడి ఉన్న ఒక జమీందారు ఆరు నెలల శిస్తు ఈ రాగితో తెప్పించుకోవాలంటే 250 గుర్రాలు కావాలని లెక్క కట్టాడు. రాసిందెవరో చెబితే 300 పౌన్ల బహుమానమని ప్రకటించారు. డబ్లిన్‌లో పసిపిల్లలకి కూడా తెలుసు, ఒక్కడూ నోరు విప్పలేదు. టంకశాల పెద్ద ఐజక్ న్యూటన్ పరీక్షించి రాగి మంచిదేనన్నా జనం పుచ్చుకోలేదు. 1725లో హక్కు వెనక్కి తీసుకున్నారు. వద్దన్న నాణేలు చాలావరకు అమెరికా వలసలకి ఓడెక్కాయి. అందువల్ల ఇవాళ అమెరికా వాళ్ళు వాటిని తమ తొలినాటి నాణేలుగా లెక్కేసుకుని ఎగబడి కొంటారు. వాటి ధర పెరగడానికి సగం కారణం వాళ్ళే. ఐర్లండు ఛీ కొట్టిన బిళ్ళకి అట్లాంటిక్ అవతల గిరాకీ వచ్చింది.

మూడోదాన్ని నేనే వెతికి పట్టుకున్నాను, చాలా ఏళ్ళ తర్వాత. 1805 ఐరిష్ పెన్నీ, ఒకవైపు మూడో జార్జి, ఇంకోవైపు కిరీటం పెట్టిన హార్ప్. బర్మింగ్‌హామ్‌లో మాథ్యూ బోల్టన్ సోహో టంకశాలలో ఆవిరి యంత్రాల మీద కొట్టింది. అదే టంకశాల అంతకు పదకొండేళ్ళ ముందు, 1794లో, ఈస్టిండియా కంపెనీకి రాగి నాణేలు కొట్టి ఓడెక్కించింది. ఎక్కడికో తెలుసా? ఉత్తర సర్కారులకి. అంటే గంజాం నుంచి గుంటూరు దాకా, మధ్యలో మా బందరు. వాటి మీద రూపాయికి 48 అని ఇంగ్లీషులో ఉంటుంది. ఆ రెండూ ఇప్పుడు నా ఆల్బమ్‌లో ఒకే పేజీలో పక్కపక్కన ఉన్నాయి. రెండూ గోధుమరంగే, రెండూ ఒకే చోట పుట్టినవే. ఒకటి డబ్లిన్ చేపలమ్మికి, ఒకటి బందరు చేపలమ్మికి పోయి ఉంటుంది.

ఆ పేజీ చేస్తున్నప్పుడే తట్టింది, మనం రోజూ పలికే ‘డబ్బు’ అన్న మాట అసలు ఒక రాగి నాణెం పేరు. బ్రౌన్ నిఘంటువు తీసి చూడండి. అమ్మమ్మకి రూపాయంటే పదహారణాలే, అణాకి నాలుగు కానులే. 1957లో నయాపైసలు వచ్చినా ఆవిడ కూరగాయల వాడితో చచ్చేదాకా అణాల్లోనే బేరమాడింది. యుద్ధకాలం నాటి చిల్లికానీ ఒకటి పోపులపెట్టెలో మెంతుల గిన్నె కింద దాచుకునేది, ఎందుకో చెప్పేది కాదు. ఐర్లండులో 1971 ఫిబ్రవరి 15న 240 పెన్నీల పౌను కాస్తా 100 పెన్నీలదైంది. ఆంటీ కూడా బ్రెడ్డు ధర చూసినప్పుడల్లా పాత డబ్బుల్లోకి మార్చి గుడ్లు తేలేసేది. యూరోలొచ్చి ఐదేళ్ళయినా లెక్క మాత్రం షిల్లింగుల్లోనే. ఈ ఇద్దర్నీ ఒక గదిలో కూర్చోబెడితే భాష రాకపోయినా చిల్లర గురించి బాగానే మాట్లాడుకునేవాళ్ళు.

కాయిన్ ఫెయిర్ నుంచి వచ్చిన రాత్రి ఆంటీకి జరిగింది చెప్పాను. మీ అమ్మగారు దాచిన డబ్బాని పాడుచేశానని. డబ్బా తెచ్చి బల్ల మీద పెట్టి మూత తీశాను. దీపం కింద నూట అరవై బిళ్ళలు తళతళలాడుతున్నాయి. ఆవిడ కాసేపు మాట్లాడలేదు. నొచ్చుకుందేమో అనుకున్నాను.

“మా ఇంటికి మెరిసే పెన్నీ ఎప్పుడూ రాలేదు” అంది. “మా దాకా వచ్చేసరికే నల్లబడిపోయేవి. కొత్తగా ఉన్నప్పుడు ఇలా ఉంటాయని నాకు తెలియనే తెలియదు.”

టిష్యూలో విడిగా ఉన్న 1940ని తీసి, కళ్ళద్దాలు పెట్టుకుని తేదీ చూసింది. “అప్పుడు నాకు ఎనిమిదేళ్ళు. ఇది నాకిచ్చేస్తావా?” అంది. ఆవిడ డబ్బా, ఆవిడ పెన్నీ, నన్నడుగుతోంది. వంటింటి కిటికీ గట్టు మీద, జెరేనియం కుండీ పక్కన, కోడి పైకి కనబడేలా పెట్టుకుంది. నేను అక్కడున్న మరో ఏడాదీ అది అక్కడే ఉంది. తర్వాత ఉద్యోగం వచ్చి ఊరవతలకి మారాక క్రిస్మస్‌కి వెళ్ళినప్పుడల్లా చూసేవాణ్ణి, కెటిల్ ఆవిరిలో తడుస్తూ.

ఆవిడ 2015లో పోయారు. ఇల్లు ఖాళీ చేస్తున్నప్పుడు వాళ్ళమ్మాయి ఫోన్ చేసి, కవరులో పెట్టిన బిళ్ళ ఒకటి చేతికిచ్చింది. కోడి వైపు ముదురు గోధుమ రంగుకి తిరిగింది, రెక్కల మధ్య ఇంకాస్త నలుపు. వెనక్కి తిప్పితే హార్ప్ వైపు, ఇన్నేళ్ళూ గట్టుకి ఆనుకుని ఉన్న వైపు, నేను తోమిన నాటి గులాబీ రంగు అలాగే ఉంది.

ఆ వ్యాపారి ఇంకా బల్ల పెడుతూనే ఉన్నాడు. తీసుకెళ్ళి చూపించాను. కోడి వైపు చూసి, బావుందన్నట్టు తలాడించాడు. తిప్పాడు. నా మొహం వంక చూశాడు. “పుల్లటి పండు!” అన్నాడు. ఎనిమిదేళ్ళ తర్వాత కూడా గుర్తుంది మహానుభావుడికి. ఐదు యూరోలిస్తానన్నాడు.

జేబులో వేసుకుని వచ్చేశాను. మా వంటింటి కిటికీ దగ్గర, పొయ్యికి ఎడంపక్కన, హార్ప్ వైపు పైకి పెట్టి ఉంచాను.